రైలు మాట చివర పెట్టిన ప్రసంగం

ఉద్యోగమంతా విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పి, రెండు నిమిషాల ప్రసంగం రాయలేకపోయిన మూర్ఖుణ్ణి నేను. పదవీ విరమణకు కొద్దికాలం ముందు, పార్లమెంటు వర్షాకాల సమావేశాల వేళ, ఒక కొత్త లోక్‌సభ సభ్యుడికి ప్రసంగాలు రాసిపెట్టమని మా శాఖాధిపతి శేషశాయి గారు నన్ను పురమాయించారు.

ఆ సభ్యుడి పేరు యాదగిరి. చిన్న పట్టణంలో బస్టాండు పక్కన ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం. కౌంటరు దగ్గరే రైతుల తగాదాలు తీరుస్తూ మార్కెట్ కమిటీ చైర్మన్ అయ్యారు. పార్టీ అనుకున్న అభ్యర్థి అలిగి వెళ్లిపోతే ఎంపీ టికెట్ ఈయనను వెతుక్కుంటూ వచ్చింది. గెలిచి మా క్యాంపస్ పక్కనే తార్నాకలో అద్దెకు దిగారు.

వాళ్ల ఊళ్లో పాసింజరు రైలు ఆపడం మానేస్తారని అప్పటికే కబురు. కూరగాయల గంపలతో ఆడవాళ్లు, మా క్యాంపస్‌కు వచ్చే పిల్లలు ఆ రైలే ఎక్కి సీతాఫల్‌మండి స్టేషన్‌లో దిగేవారు.

"గా రైలు ఆగకుంటే నేను ఊళ్లె తిరగలేను సార్. ఓట్లడిగినప్పుడు మాటిచ్చిన," అన్నారు యాదగిరి గారు. "కానీ ఢిల్లీల నన్ను నట్టుబోల్టులోడు అనుకోవద్దు. జర వజన్‌గ, బరువైన మాటలతోటి రాయుండ్రి."

అత్యవసర సమస్యలు లేవనెత్తే సమయాన్ని జీరో అవర్ అంటారు. ముందే నోటీసు ఇవ్వాలి. లాటరీలో పేరు రావాలి. తెలుగులో మాట్లాడతామని అనువాదకులకు చెప్పి ఉంచాలి. ఇంతా చేస్తే దక్కేది రెండు మూడు నిమిషాలు. అది దాటితే మైకు ఆగుతుంది, తర్వాతి సభ్యుణ్ణి పిలుస్తారు. ఇవన్నీ నాకు తెలుసు.

నా మొదటి ప్రతిలో రైలు మాట తొలి వాక్యంలోనే ఉంది. శేషశాయి గారు క్యాంటీన్‌లో చదివి పెదవి విరిచారు. "ఏమిటయ్యా ఇది, టికెట్ కౌంటర్లో అడిగినట్టు! చక్రం పుట్టుకతో మొదలుపెట్టు. నాగరికత రావాలి. అడిగేది చివర్న, వినయంగా." మా వృత్తిలో ఉపోద్ఘాతం లేని వ్యాసం చొక్కా లేని పెళ్లికొడుకు. తల ఊపి, చక్రంతో మొదలుపెట్టి రైలును చివరికి నెట్టాను. రైలు కంటే ముందు నా బుద్ధి పట్టాలు తప్పింది.

యాదగిరి గారు మాత్రం మురిసిపోయి అద్దం ముందు వల్లెవేశారు. లాటరీలో పేరు వచ్చిన రోజు నేను టీవీ ముందు కూర్చున్నాను. చక్రం దొర్లింది, నాగరికత వెలిసింది, ఆవిరి యంత్రం కూత పెట్టబోతుండగా మైకు ఆగిపోయింది. ఆయన పెదవులు ఇంకా కదులుతున్నాయి.

సాయంత్రం ఫోన్ చేశారు. తిడితే బాగుండేది. "నా దుకాణానికొచ్చినోడు ముందు బేరింగు గావాలె అంటడు సార్. ట్రాక్టరు ఎట్ల ఆగిందో తర్వాత చెప్తడు. గా సోయి నాకైన ఉండొద్దా?" అన్నారు.

ఆ సమావేశాల్లో లాటరీలో ఆయన పేరు మళ్లీ రాలేదు. వినతిపత్రాలకు 'పరిశీలనలో ఉంది' అన్న జవాబే వచ్చింది. ఈలోపు రైలు ఆగడం ఆగిపోయింది. మరుసటి ఎన్నికల్లో ప్రత్యర్థులు ఆ వీడియోను ఊరూరా చూపించి, "రైలడగమని తోలిస్తే చక్రం తిప్పొచ్చిండు," అన్నారు. ఓడిపోయి ఆయన మళ్లీ దుకాణంలో కూర్చున్నారు. వెళ్లి పలకరించాలని అనుకుంటూనే ఉన్నాను. నిరుడు పోయారు.

ఒకప్పుడు ఆ రైల్లో వచ్చి చదువుకున్న పిల్లలు పూనుకోగా సంతాపసభ మా క్యాంపస్‌లోనే జరిగింది. నేను అధ్యక్షుణ్ణి. వేదిక మీద ఇప్పటి ఎంపీ గారు. ముందు వరుసలో యాదగిరి గారి భార్య లక్ష్మమ్మ గారు. రైలు లేదు కనుక బస్సులు మారి వచ్చారు.

అడిగేది ముందే అడగాలని, వినేవాడి ఓపికను నమ్ముకోకూడదని ఈ ఉదంతం నాకు నేర్పింది. శేషశాయి గారికి అదింకా చేరలేదు. మైకందుకుని, "చక్రం పుట్టిన నాటి నుంచీ..." అని మొదలుపెట్టారు. ఆవిరి యంత్రం దాకా రానిచ్చి, మైకు ఆపమని సైగ చేశాను. "సమయం మించింది సార్," అని లక్ష్మమ్మ గారిని పిలిచి ఇంకో మైకు అందించాను.

ఆమె ఎంపీ గారి వైపు తిరిగి, "మా ఊళ్లె రైలు ఆపియ్యి బిడ్డా," అని కూర్చున్నారు.

శేషశాయి గారి పెదవులు ఇంకా కదులుతున్నాయి.