సింగపూరు నుంచి నాలుగు గంటలు

పలాసలో అప్పలనరసింహ సిద్ధాంతిగారు నలభై ఏళ్లుగా పంచాంగం గణిస్తున్నారు. విశాఖపట్నం కంటే పలాసలో పొద్దు నాలుగైదు నిమిషాలు ముందే పొడుస్తుంది. ఆ తేడా సవరించనిదే ఆయన ముహూర్తం చెప్పరు. తూర్పుకు పోయినకొద్దీ సూర్యోదయం ముందుగా ఎందుకవుతుందో, దీపం ముందు కొబ్బరికాయను తిప్పి శిష్యులకు చూపేవారు.

మొన్న వైశాఖంలో ఉద్దానపు పల్లెలో జీడితోటల రైతు పైడయ్య కిడ్నీ జబ్బుతో తెల్లవారుజామున కన్నుమూశాడు. కొడుకు జోగారావు పది గంటలకు సిద్ధాంతిగారిని బండి మీద తీసుకువచ్చాడు.

"సింగపూర్లో మా సెల్లి కృష్ణవేణి పొద్దున ఫోన్ సేసింది పంతులుగారూ. ఇమానం పన్నెండుకి లేత్తాదంట. దగ్గరదగ్గర మూడువేల కిలోమీటర్లు, నాలుగు గంటల్లో విశాపట్నంలో దిగీత్తాదంట. నాన్న ముకం సూడకుండా తియ్యొద్దని ఒకటే ఏడుపు. పొద్దుగూకేలోగా అందుతాదా?"

సిద్ధాంతిగారు వేళ్ల కణుపుల మీద లెక్కించారు. పన్నెండుకు నాలుగు కలిపితే నాలుగు. అక్కడి నుంచి కారులో మరో నాలుగు గంటలు.

"ఎనిమిది దాటుతుంది నాయనా. రాత్రి దహనం కూడదు. ఈ ఎండల్లో రేపటిదాకా ఉంచనూ లేము. నాలుగింటికి కానిద్దాం."

"దాన్ని మరోపాలి అడగరా జోగీ," అన్నాడు పైడయ్య తమ్ముడు బైరాగి.

"ఫోను కట్టీసినాది సిన్నాన్నా."

"సర్లే. గ్రహణం నిమిసం తప్పకుండా సెప్పినోరికి ఇమానం ఓ లెక్కేటి!"

పన్నెండుకు లేవవలసిన విమానానికి పదింటికే ఫోను ఎందుకు మూగబోయిందో సిద్ధాంతిగారు ఆలోచించవలసింది. ఆలోచించలేదు.

అయిదూ ముప్పావుకు కారు వచ్చి ఆగింది. కొబ్బరితోటల మీద పొద్దు ఇంకా ఉంది. శ్మశానంలో చితి కూలిపోతోంది.

"టెక్కలికాడ టీకి ఆపకుండా రావలసింది, నాదే తప్పు," అని కృష్ణవేణి నేల మీద కూలబడింది.

"విశాఖపట్నంలో ఎన్నింటికి దిగావమ్మా?" అని అడిగారు సిద్ధాంతిగారు.

"ఒంటిగంటన్నరకి. సింగపూర్ సిమ్ము ఇక్కడ పనిసెయ్యక ఫోన్ సెయ్యలేకపోయాను."

సిద్ధాంతిగారు మళ్లీ వేళ్ల కణుపుల మీద లెక్కించారు. ఆమె చెప్పిన పన్నెండు సింగపూరు పన్నెండు. అప్పటికి మన గడియారంలో తొమ్మిదిన్నరే. నాలుగు నిమిషాలు సవరించే మనిషి రెండున్నర గంటలు మరచిపోయాడు. కాలస్వరూపుడని పరమేశ్వరుణ్ణి నిత్యం స్తుతించే ఆ నోరు, లెక్క తప్పింది తానేనని చెప్పడానికి తెరుచుకోలేదు. ఆమె తనను తాను నిందించుకుంటూంటే తల వంచుకుని ఇల్లు చేరారు.

మూడోనాడు అస్థిసంచయనం ముగిశాక అందరి ముందూ చెప్పారు.

"తప్పు నీది కాదమ్మా. టీ తాగినా అందేదానివి. సింగపూరు గంటలను మన గంటలనుకున్నాను. ఆ రోజే తెలిసింది. సిగ్గుతో దాచాను."

బైరాగి ముఖం తిప్పుకున్నాడు. జోగారావు ఏదో అనబోతే కృష్ణవేణి చేయెత్తి ఆపింది.

"పోనీండి పంతులుగారూ. సివరిదాకా మీరు దగ్గరున్నారు కదా. మా నాన్న ముకం ఎలగుంది? నిద్దరోతున్నట్టున్నాదా, నొప్పితో ఉన్నట్టున్నాదా?"

సిద్ధాంతిగారు జ్ఞాపకాన్నంతా వెదికారు. మంత్రాలు చెబుతూ ఆనాడు తాను చూసినవి రెండే: చేతి గడియారం, పడమటి పొద్దు.

"చూడలేదమ్మా," అన్నారు.