జపాన్ స్నేహానికి నేనిచ్చిన ఇత్తడి బిళ్ళ

గోదావరిఖనిలో నన్నెరిగిన వాళ్ళు ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తారు: "జపానోళ్ళకు బాయి రాసిచ్చినోడు గీయనే!" పచ్చి అబద్ధం. నేను బొగ్గుబాయిని ఎవరికీ రాసివ్వలేదు. ఇచ్చింది రూపాయి బిళ్ళంత ఇత్తడి ముక్క. దాని పుణ్యమా అని పట్టపగలు సైరన్ మోగింది, ఊరంతా బాయి మీదికి పరుగెత్తుకొచ్చింది, రెండు దేశాల స్నేహం కొద్దిలో బొగ్గులో కలిసేది. అంతే! ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్ళు నవ్వాలా? సరే, నవ్వేదేదో నిజం తెలుసుకుని నవ్వండి.

డెబ్భైల మొదట్లో మాట. నేను బాయి ఆఫీసులో టెంపరరీ గుమాస్తాను. మా నాయన బొగ్గు తవ్వీ తవ్వీ దగ్గు తెచ్చుకుని మంచాన పడ్డాడు. ఇల్లు నా మీదే నడుస్తోంది. పొద్దున నేను డ్యూటీకి బయల్దేరినప్పుడల్లా నన్ను కన్న మా అవ్వ అడిగేది ఒకటే మాట: "పర్మనెంటు ఎప్పుడు చేస్తరు కొడుకా?" మా మేనేజరు గారు మాత్రం "చూద్దాం" తప్ప ఇంకో మాట నేర్చుకోలేదు.

అలాంటి రోజుల్లో జపాన్ నుంచి ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు. బొగ్గు కోసే యంత్రాలు వాళ్ళు ఇవ్వాలి, మనం తీసుకోవాలి. దానికి ముందు మా బాయి ఎట్లా ఉందో చూసుకోవాలి. మేనేజరు గారు నన్ను పిలిచారు.

"రాజేశం, ఇది మామూలు పని కాదు. రెండు దేశాల స్నేహం నీ చేతుల్లో పెడుతున్నా. ఏ లోటూ రాకుండా చూశావంటే వచ్చే నెల నువ్వు పర్మనెంటు."

"మీరు కిందికి రారా సార్?"

"నాకు నడుం నొప్పయ్యా."

చూశారా! స్నేహం రెండు దేశాలది, నడుం ఆయనది, బాధ్యత నాది.

ఇక్కడ బిళ్ళ సంగతి చెప్పాలి. బాయిలోకి దిగే ప్రతి మనిషీ మొగసాల దగ్గర బోర్డు మీది మేకు నుంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసుకుంటాడు. పైకి వచ్చాక దాన్ని అదే మేకుకు తగిలిస్తాడు. షిఫ్టు అయ్యాక ఏ మేకైనా ఖాళీగా కనిపించిందా, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. పాలు మరవని పిల్లలకు కూడా మా ఊళ్ళో ఇది తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ చేశాను కాబట్టే నా మీద నాకింత మంట.

ఆ రోజు మా నలుగురికీ నాలుగు కొత్త బిళ్ళలిచ్చి, పుస్తకంలో ఒక్క వరుసలో "జపాన్ పార్టీ" అని రాసుకున్నారు. మమ్మల్ని నడిపించుకుంటూ తీసుకుపోయినవాడు బాయిలో పనివాళ్ళ మీద పెద్ద, మైనింగ్ సర్దార్ సాయిలు కాక. ఆ ముగ్గురిలో కళ్ళజోడాయన ఒకడున్నాడు. టేపు చేతిలో పట్టుకుని బాయిలో ఉన్న ప్రతిదీ కొలిచాడు. గోడ కొలిచాడు, కప్పు కొలిచాడు, ఇంకాసేపుంటే సాయిలు కాక మీసం కూడా కొలిచేవాడే.

మధ్యాహ్నం పైకి వచ్చాం. వాళ్ళ ముగ్గురి బిళ్ళలూ తీసుకుని నేనే మేకులకు తగిలించాను. నాలుగోది, నాది, చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడే కళ్ళజోడాయన నా ముందుకొచ్చి, నడుం దాకా వంగి, రెండు చేతులతో ఒక విసనకర్ర ఇచ్చాడు. పట్టు గుడ్డ, దాని మీద కొంగలు! టెంపరరీ గుమాస్తాకు వంగి దండం పెట్టినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మన గడప తొక్కిన మనిషిని ఒట్టి చేతులతో పంపుతామా? జేబులు తడుముకున్నాను. బీడీలు, అగ్గిపెట్టె బాయి దిగేముందే తీసేసుకున్నారు. మిగిలింది చేతిలోని బిళ్ళ. నేనూ నడుం దాకా వంగాను. రెండు చేతులతో ఇచ్చేశాను!

"నేనేమైనా బొగ్గు తవ్వేవాణ్ణా, నా బిళ్ళను ఎవడు చూస్తాడు" అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో తలకాయ టోపీ పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

వాళ్ళు కారెక్కి రామగుండం స్టేషన్‌కు బయల్దేరారట. "ట" ఎందుకంటే నేను చూడలేదు. ఆ సమయానికి క్యాంటీన్‌లో నలుగురికీ విసనకర్ర విప్పి చూపిస్తున్నాను.

మూడింటికి మొదటి షిఫ్టు అయిపోయింది. జపాన్ పార్టీ మేకుల్లో ఒకటి ఖాళీ. మేనేజరు గారు చెమటలు కక్కుతూ వచ్చారు.

"ముగ్గుర్నీ నువ్వే కారెక్కించావా?"

"పైకి తెచ్చిన సార్. కారెక్కంగ మాత్రం చూడలే."

"చూడలేదా! మరి ఒక బిళ్ళ ఏమైనట్టు?"

ఇప్పుడు వినండి నా తెలివి. ఎవరూ అడగకుండా నేనే అన్నాను: "సార్, గా కళ్ళజోడాయన కొలతలు మిగిలినయని బిళ్ళ తీసుకొని మళ్ళ లోపటికి పోయి ఉంటడు!"

"అయ్యో, అట్లనే అయి ఉంటది!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. నా చేతి బిళ్ళ గుర్తు రాలేదా అని మీరు అడుగుతారు. రాలేదు! ఒక మనిషి ప్రాణం, పర్మనెంటు, రెండు దేశాలు నెత్తి మీద కూర్చుంటే మీకు మాత్రం వస్తుందా?

సైరన్ మోగింది. వేళ కాని వేళ సైరన్ మోగితే మా ఊళ్ళో పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే ఉంటుంది. స్టేషన్‌కు జీపు తోలారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు, నేను ఆ తొందరలో బిళ్ళ కూడా తీసుకోకుండా ఏకంగా బాయిలోకే దూకాను. సాయిలు కాకతో, ఇంకో పదిమందితో కలిసి వెతుకుతున్నాను. ఆయన్ను ఎలా పిలవాలో తెలియదు. పొద్దున నేర్చుకున్న ఒకే ఒక్క జపాన్ మాట నోటికొచ్చింది.

"అరిగాతో! అరిగాతో!"

"అంటే ఏందిరా?" అన్నాడు కాక.

"ధన్యవాదాలు కాకా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మనిషి దొరకక ముందే ధన్యవాదాలా?"

గంటన్నర తిరిగాం. గొంతు పోయింది, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. కాక ఒక దుంగ మీద కూలబడి, తల పట్టుకుని ఆలోచించి, మెల్లగా అడిగాడు.

"ఓ రాజేశం, పార్టీల మీరు నలుగురు గద. దొరలయి మూడు బిళ్ళలు నువ్వే తగిలిచ్చినవ్. మరి నీది?"

నా చేతులు వాటంతటవే జేబులు తడిమాయి.

"నీది ఏదిరా?"

"ఇచ్చిన కాకా."

"ఎవలికి?"

"జపాన్‌కు."

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మా వాళ్ళు బాయంతా వెతికి నన్ను పట్టుకున్నారు. గంటన్నర సేపు నన్ను నేనే పేరు పెట్టకుండా పిలుచుకుంటూ తిరిగానన్నమాట! కాక తిట్టిన తిట్లు అచ్చు వేస్తే ఈ పుస్తకం ఎవరూ ఇంట్లో పెట్టుకోరు.

పైకి వచ్చేసరికి మొగసాల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. "జపాన్ దొరలతోని పోయినోడు లోపటనే ఉండె" అని ఎవడో అన్నాడట. మా అవ్వ కొప్పు ఊడిపోయి, కాళ్ళకు చెప్పుల్లేకుండా అందరికంటే ముందు నిలబడి ఉంది. నన్ను చూసింది. దగ్గరికొచ్చి చెంప ఛెళ్ళుమనిపించింది. వెంటనే నన్ను వాటేసుకుని ఘొల్లుమంది. "నువ్వు పర్మనెంటు గాకున్నా మంచిదే, పానంతోని ఉండు బిడ్డా!" అప్పుడు నాకు నవ్వు రాలేదండీ. భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అంతలో జీపు వచ్చింది. రైలు ఆలస్యమట, ముగ్గురూ స్టేషన్‌లో అరటిపళ్ళు తింటున్నారట. ఆ కళ్ళజోడాయన సంగతి తెలుసుకుని బిళ్ళను రెండు చేతులతో తిరిగి పంపాడు.

ఇక న్యాయం ఎట్లా ఉందో చూడండి. నెల తిరగకముందే జపాన్ నుంచి ఉత్తరం వచ్చింది: "ఒక్క ఇత్తడి ముక్క కనబడకపోతే ఊరంతా కదిలింది. మనిషి ప్రాణానికి ఇంత విలువిచ్చే చోట పని చేయడం మాకు గౌరవం." యంత్రాలొచ్చాయి, స్నేహం కుదిరింది. మేనేజరు గారి మెడలో పూలదండ పడింది, నడుం నొప్పితోనే జపాన్ చూసొచ్చారు. నాకేమో మెమో! తిలా పాపం తలా పిడికెడు అంటారే, అది అబద్ధం. దోసిళ్ళకొద్దీ నాకే పోశారు.

అయితే ఆయన మాట తప్పలేదు. మెమోతో పాటు పర్మనెంటు ఆర్డరు కూడా చేతిలో పెట్టారు. ఎగిరి గంతేసి, విప్పి చదివాను. ఉద్యోగం: బాయి మొగసాల దగ్గర బిళ్ళల గుమాస్తా. రిటైరయ్యే దాకా, మూడు షిఫ్టుల్లో, మేకు మేకూ తడిమి చూసుకుంటూ అదే పని చేశాను!

అందుచేత పెద్దలందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. దేశాల మధ్య స్నేహం పెంచడానికి మంత్రులున్నారు, రాయబారులున్నారు, వాళ్ళు పెంచుకుంటారు. ఇకపై ఏ దేశం మనిషైనా నా ముందు వంగాడా, నేను అంతకన్నా కిందికి వంగి, అట్నుంచటే పారిపోతాను.