కాలిన ఆయిల్ రాసిన కుక్క

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఎండ పడే మెట్ల మీద కూర్చొని మా కుక్కకు గోమార్లు ఏరుతున్నాను. మెడ కింద నా వేళ్లు ఆగిపోయాయి. చర్మం లోపల నిమ్మగింజంత గట్టి గడ్డేదో తగిలింది. పక్కనే ఇంకొకటి. పెదవి ఎత్తి చూశాను. నల్లగా ఉండాల్సిన అంచు ఎర్రగా, పచ్చిగా ఉంది. ఇది గజ్జి కాదని ఆ క్షణంలోనే అర్థమైంది.

అప్పటికి నెల రోజులుగా దానికి గజ్జి మందే పూస్తున్నాం. బోధన్‌లో మా వాడలో కుక్కకు వెంట్రుకలు రాలితే ఎవరూ ఆసుపత్రి మాట ఎత్తరు. చెరుకు ట్రాక్టర్ల ఇంజన్లలోంచి తీసిన కాలిన ఆయిల్‌లో గంధకం పొడి కలిపి రాస్తారు. పక్కింటి ట్రాక్టర్ డ్రైవరే డబ్బా నిండా తెచ్చిచ్చాడు.

"రాయి అక్కా. నా బండి పదేండ్ల సంది గిదే తాగి నడుస్తుంది. నీ కుక్క నడవదా?" అని నవ్వాడు.

నేను బీఎస్సీ జువాలజీ చదివాను. అయినా సరేనన్నాను. పైగా ఆ పని పిల్లలకే అప్పగించాను. ఎనిమిదేళ్ల కూతురు కొబ్బరి పీచుతో పూసేది, ఐదేళ్ల కొడుకు చెవులు పట్టుకునేవాడు. క్రిస్మస్ పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే గుంపు ముందు ఏటా నడిచేది ఈ కుక్కే. అప్పటికల్లా బొచ్చు మొలవాలని వాళ్ల తొందర.

గడ్డలు తగిలిన మరునాడు మా ఆయన స్కూటర్ మీద, కాళ్ల దగ్గర గోనెసంచి పరిచి దాన్ని కూర్చోబెట్టుకొని నిజామాబాద్ పశువుల ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు ఒక గడ్డలోంచి చిన్న ముక్క తీసి హైదరాబాద్‌కు పంపారు. ఆయిల్ బంద్ చేయమన్నారు. నాకితే కడుపులో విషమేనన్నారు. ఆ మాట ఇంట్లో పిల్లల ముందే చెప్పేశాను.

పదిహేను రోజులకు కాగితం వచ్చిందంటే కుక్కను తీసుకొని మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. చర్మానికి వచ్చిన లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సర్.

"ఎన్ని రోజులు ఉంటది సార్? క్రిస్మస్ దాకనన్న?" అని అడిగాను.

డాక్టరు కుక్క దవడ కింద బిళ్లలు తడిమారు. చిగుళ్లు చూశారు. ఒంటి మీది గడ్డలన్నీ వేలితో నొక్కి చూశారు.

"ఒక్కటే గడ్డ అయితే కోసి తీసేసేటోళ్లం అమ్మా. అట్లాంటియి చాన రోజులు బతుకుతయి. దీనికి ఒళ్లంత ఉంది, పెదవికి గూడ వచ్చింది. ఏండ్లు అయితే చెప్పలేం. మాత్రలు ఇస్త. వారంల పుండ్లు ఎండి, మంచిగ తింటే కొన్ని నెలలు ఆశ పెట్టుకోవచ్చు. మందుకు లొంగకపోతే వారాలే. తారీఖు మాత్రం నన్ను అడగకుండ్రి."

"ఆయిల్ రాసుకుంట నెల పోగొట్టినం సార్."

"ఆయిల్‌తోని ఈ రోగం రాదమ్మా. మంట పెడతది, అంతే. నెల ముందు తెచ్చినా ఇదే మాట చెప్పేటోణ్నేమో."

తిరుగుదారిలో చెరుకు బండ్లు అడ్డం వచ్చి స్కూటర్ ఆగింది. కుక్క తల ఎత్తి వాసన చూస్తే నెలలనిపించింది. మళ్లీ తల వాల్చితే వారాలే అనిపించింది.

ఇంటికి వచ్చాక నీళ్లు కాగబెట్టడానికి కట్టెలు తీస్తుంటే, వాటి కింద పాత గోనెలో చుట్టి ఉన్న ఆయిల్ డబ్బా, కొబ్బరి పీచు కనిపించాయి. నా కూతురు దాచింది. ఈ పదిహేను రోజులూ పిల్ల కుక్క దగ్గరికి ఎందుకు పోవడం లేదో అప్పుడు తెలిసింది.

మరునాడు పొద్దున్నే జొన్నరొట్టె ముక్కలో మాత్ర పెట్టి ఇద్దరినీ మెట్ల దగ్గరికి పిలిచాను.

"మీరు ఆయిల్ రాసినందుకు దీనికి రోగం రాలే. రాయమన్నది నేను, తప్పు నాది. క్రిస్మస్ దాక ఉంటదో లేదో డాక్టర్ సారుకే తెల్వది, నాకు గూడ తెల్వది. ఉంటే మనతోని నడుస్తది. నడవలేకపోతే పాటలోళ్లను ముందుగాల మన గడపకే పిలుద్దం. ఇగో బిడ్డా, రొట్టె నువ్వు పెట్టు. చిన్నోడా, నువ్వు చెవులు పట్టుకో."