సాంబారు వడ్డించిన దుర్యోధనుడు

పెనుకొండలో బట్టలు కుట్టే అశ్వర్థప్ప చాలా ఏళ్లుగా నాటకాల్లో దుర్యోధనుడు. 1998లో హిందూపురంలోని ఒక కాలేజీలో వేరుశనగ శాస్త్రవేత్తల సదస్సు జరిగితే, సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమానికి అతణ్ణి పిలిపించారు. మధ్యాహ్నం నుంచే కిరీటం పెట్టుకుని, గద పట్టుకుని కూర్చున్నాడు.

ఉపన్యాసాలు ఎంతకీ తెగలేదు. కడకు సదస్సు నడిపే వేణుగోపాల్ సారు పరుగున వచ్చాడు.

"ఏమప్పా, టైము లేదు. అందరూ భోజనాలకు కూచున్నారు. ఆడనే ఒక పద్యం పాడేయ్."

"అన్నం తినేవాళ్ల ముందర తొడ కొట్టేదెట్లా సార్?"

"మెల్లగా కొట్టప్పా."

అశ్వర్థప్ప పంక్తి ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఒక పెద్ద శాస్త్రవేత్త తలెత్తి, ఇదంతా వడ్డన ఏర్పాటే అనుకుని, "రాజా, కొంచెం సాంబారు" అన్నాడు. దగ్గర్లో వడ్డించేవాళ్లెవరూ లేరు. తినే మనిషికి లేదనడం అశ్వర్థప్పకు చేతకాదు. గద గోడకు ఆనించి, బక్కెట్టు అందుకుని, పద్యం ఆపకుండా వరసంతా వడ్డించాడు. రెండో పంక్తివాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కముందే ధర్మవరం నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. దుర్యోధనుడు వడ్డించాలట. అశ్వర్థప్పకు కోపమొచ్చింది.

"నాటకంలో అయితే తెల్లార్లూ అరిచి చచ్చిపోతావు. ఈడ చావు లేదు, పైగా తిండి ఉండాది" అంది భార్య రామాంజినమ్మ.

ఆ తర్వాత పదేళ్లు ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లలో సాంబారు అతనిదే. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. భీముడి వేషగాడు పాయసం తెస్తే, ఆ పంక్తిలో తాను అడుగు పెట్టడు.