పేరు అంటించని రెండు సీసాలు

మా దాణా అంకుల్ పోయారు. ఆదివారం పొద్దున సింగపూర్‌లో, పుంగ్గోల్ స్టేషన్లో ట్రైన్ ఎక్కబోతుంటే ఆంటీ ఫోన్ చేసి, "మీ అంకుల్ నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా" అన్నారు. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూలబడ్డాను. రెండు ట్రైన్లు వచ్చి వెళ్ళిపోయాయి. ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు అలసట తప్ప ఏదీ వెంటనే రావడం లేదు.

దాణా అంకుల్ అన్న పేరు మా ఆఫీసు వాళ్ళం పెట్టుకున్నది. ఐటీ ఉద్యోగాలు జోరు మీదున్న రోజుల్లో సింగపూర్ వచ్చాను. పాడి పశువులకు ఏ దాణా ఎంత కలపాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మా చిన్న కంపెనీ తయారుచేసేది. ప్రోగ్రాం రాసే ఆరుగురిలో ఒక్కరికీ మేత సంగతి తెలియదు. అందుకని గుంటూరు వైపు పశువైద్యుడిగా చేసి రిటైరైన ఈయన్ను పిలిపించారు.

యీషున్‌లో వాళ్ళ ఫ్లాటు వంటగదిలో ఒక అర నిండా పాత కాఫీ సీసాలుండేవి. వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న నూక, శనగ పొట్టు, రెండు రకాల తవుడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచి, చేయి కడుక్కున్నాక కళ్ళు మూసుకోమనేవారు. అరచేతిలో ఏదో పోసి, "చెప్పమ్మాయ్" అనేవారు.

"నాకు పప్పులు పోసుకోడానికి సీసాల్లేవు గానీ, కనపడని ఆవులకి మాత్రం వరసగా పెట్టారు" అని ఆంటీ సణిగేవారు.

"చెక్కంటే మాంసకృత్తులు, నూకంటే శక్తి, పొట్టంటే పీచు. ముందు చేత్తో చూడు, తర్వాత రాసుకో" అనేవారాయన. తవుడు దగ్గర మాత్రం నన్ను వదిలేవారు కాదు. వేళ్ళ మధ్య నలిపితే ఒకటి జిడ్డుగా అంటుకునేది, రెండోది పొడిగా రాలిపోయేది. ఆ రెండోది మిల్లులో నూనె తీసేసిన తవుడు. "జిడ్డు పోయిందంటే శక్తి పోయినట్టే. చూడ్డానికి రెండూ ఒకటేగా? ఆవు పొట్టకి తెలుస్తది తేడా." నేను తలూపేదాన్ని. వారమంతా ఆఫీసులో పడిన అవస్థకు నిజానికి అప్పుడు నిద్ర ముంచుకొచ్చేది.

సాఫ్ట్‌వేర్ అప్పగించే ముందు పట్టికలన్నీ శుభ్రం చేసే పని నాకిచ్చారు. ఆయన రాసిచ్చిన పట్టికలో తవుడు రెండు వరుసల్లో ఉంది. ఒకే సరుకు పొరపాటున రెండుసార్లు పడిందనుకుని రెండో వరుస చెరిపేశాను. అన్ని ఆదివారాలు చేతిలో పోసి చూపించిన మనిషిని ఒక్క మాట అడగలేదు.

పక్కనే మలేషియా వైపు జొహోర్‌లో ఒక డెయిరీ వాళ్ళు ఆ లెక్క ప్రకారమే దాణా కలిపారు. వాళ్ళు వాడేది నూనె తీసిన తవుడు, మా లెక్కలో ఉన్నది మాత్రం జిడ్డు తవుడు. వారాలు గడిచేకొద్దీ ఆవులు చిక్కిపోయాయి, పాలు తగ్గాయి. అంకుల్‌తో పాటు నేనూ వెళ్ళాను. ఆయన తొట్టిలోంచి చిటికెడు తీసి నలిపి, దులిపేసి నా వైపు చూశారు.

మర్నాడు మీటింగులో, "పట్టిక నాది. తప్పు నాదే" అన్నారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ముందున్న కాగితాలే చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగం పోతే వీసా పోతుందన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. ఆయన కాంట్రాక్టు మళ్ళీ పొడిగించలేదు.

లిఫ్టు దగ్గర, "ఎందుకలా చెప్పారంకుల్?" అని అడిగాను.

"నువ్వింకా బోల్డంత పని చెయ్యాల్సినదానివి. నేనెటూ అలిసిపోయా" అన్నారు.

తర్వాత వాళ్ళు చోవా చూ కాంగ్‌లో వాళ్ళమ్మాయి దగ్గరికి మారారు. మొదట్లో నెలకోసారి వెళ్ళేదాన్ని, తర్వాత పండక్కి, తర్వాత ఫోన్లతో సరిపెట్టాను. పని ఎక్కువని చెప్పేదాన్ని. పని ఎక్కువే, కానీ ఆయన ముఖం చూడలేకపోవడం అంతకన్నా ఎక్కువ.

పదో రోజు వెళ్ళాను. ఆంటీ రెండు సీసాలు తెచ్చి ముందు పెట్టారు. "ఇవి నీకిమ్మన్నారు. పేర్లంటిస్తానంటే వద్దన్నారు, నీకు తెలుస్తదంట" అన్నారు.

వాళ్ళమ్మాయిని నేను అక్కా అంటాను. ఆవిడ సీసాల వైపు చూసి, "అంత సర్వీసుండి ఆఖరికి తవుడు దగ్గర తప్పావేంటి నాన్నా అని ఎన్నిసార్లు ఏడిపించానో. మా పిల్లలు కూడా ఇక్కడి యాసలో, తాతా యూ రాంగ్ లా, అనేవాళ్ళు. నవ్వేసేవాడు, అంతే" అంది.

ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఆయన తవుడు గుర్తుపట్టలేని మనిషిగా బతికారని నాకప్పుడే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పింది ఆయన కాదక్కా. ఆ వరుస చెరిపింది నేను" అన్నాను.

మొత్తం చెప్పాను. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సీసాలు దగ్గరికి లాక్కుని, ఒక్కోదాంట్లోంచి చిటికెడు తీసి, రెండు చేతుల్లో విడివిడిగా నలిపింది. పాతబడ్డ తవుడు ముక్కిన వాసన గదంతా వచ్చింది.

ఒక చేతిలోది పొడిగా రాలిపోయింది. రెండో చేతి వేళ్ళను ఆవిడ కిటికీ వెలుతురులో పెట్టి చూసుకుంది. అవి సన్నగా మెరుస్తున్నాయి.

"నాన్న నీకు నేర్పిన తేడా ఇదేనా?" అని అడిగింది.