ముగ్గురు మామలు, ఏడు రాజ్యాలు

మా కులదేవుడు బీరప్ప మీద ఒట్టు, మా ఇంటి గొంగడి మీద ఒట్టు, ఇప్పుడు నేను రాయబోయే దాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. వికారాబాదు నుంచి తాండూరు దాకా నన్నెరిగినవాళ్లు ఈ మాట చదివి ముసిముసిగా నవ్వుకుంటారని తెలుసు. తాండూరులో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పే రోజుల్లో, చైనాకు మీరెట్ల పోయొచ్చిండ్రు సార్ అని పిల్లలు అడిగితే, వాడి జంక్షన్‌లో దిగి బండి మారితే చాలని చెప్పి సగం తరగతిని నమ్మించిన మనిషిని నేను. అయినా ఈసారి నమ్మండి. నవ్వించే ఓపిక నాకిప్పుడు లేదు.

పోయిన వారం మా పెద్దమామ దినాలకు అమ్మను ఆటోలో తీసుకొని వెళ్లాను. కరణ్‌కోట దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. చనిపోయింది ఒక్క మనిషే గాని, మూడు షామియానాలు వేశారు, మూడు పొయ్యిలు మండుతున్నాయి. పెద్దమామ కొడుకులది ఒకటి, నడిపి మామది ఒకటి, చిన్నమామది ఒకటి. ఆ ముగ్గురన్నలకు ఒక్కతే చెల్లెలు మా అమ్మ. ఆటో ఆగినా ఆమె దిగలేదు. ఏ నీడకు ముందు పోతే ఎవరికి కోపమొస్తుందోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "యే దిక్కు పోవాల్రా?" అని నన్నడిగింది. ఎం.ఏ. చదివినవాణ్ని, ఆ ఒక్క ప్రశ్నకు డ్రైవరు దిక్కు చూశాను. అట్లా నిలబడి ఉన్నప్పుడే నాకు చైనా గుర్తొచ్చింది.

ఆ చైనా నాకెట్లా అంటుకుందో చెప్పాలి. హైదరాబాదులో ఎం.ఏ. చదివేటప్పుడు నేను దక్కను చరిత్ర తీసుకోవాల్సింది. ఆ తరగతి సాయంత్రం జరిగేది, అది ముగిసేసరికి వికారాబాదు బండి వెళ్లిపోయేది. మధ్యాహ్నమే ముగిసేది ప్రాచీన చైనా ఒక్కటే. రైలు టైమును బట్టి చదువుకున్న చదువు నాది. కానీ చదువుతూ చదువుతూ అందులోనే ఇరుక్కుపోయాను. కాలేజీలో పిల్లలకు ఏ పాఠం మొదలుపెట్టినా, ఆఖరికి చైనాలో ఏడు రాజ్యాలు కొట్టుకు చచ్చిన కాలానికే వచ్చేవాణ్ని. పేరుకు పైన ఒక రాజుండేవాడు. పూజలకు తప్ప ఆయన్ను ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. ఒక పెద్ద రాజ్యాన్ని అందులోని మూడు ఇండ్లవాళ్లే పంచుకొని, హాన్ అని, ఝావ్ అని, వెయ్ అని పేర్లు పెట్టుకొని, మధ్యలో గోడలు కట్టుకున్నారు. ఒకచోట డబ్బు కత్తి ఆకారంలో ఉంటే ఇంకొకచోట పార ఆకారంలో ఉండేది. ఒక రాజ్యం బండికి పెట్టిన ఇరుసు ఇంకొక రాజ్యంలో పనికొచ్చేది కాదు, అక్కడి దారుల్లో చక్రాల గాడి వేరే కొలతలో ఉండేది. వీటన్నిటికీ పడమటి దిక్కున చిన్ అనే రాజ్యం కాచుకొని కూర్చుంది.

మా మామలది ఉమ్మడి గొర్రెల మంద. తాండూరు కాలేజీలో నేను చేరిన కొత్తలో, ఆ మంద వాళ్ల ముగ్గురి మధ్యనే తగువై కూర్చుంది. పంట కోసిన చేలల్లో మందను పడుకోబెడితే ఆ ఎరువుకు నేల బలుస్తుంది. భూమి ఒక్కటే అయినా ఎవరి ముక్క వాళ్లు దున్నుకుంటున్నారు కాబట్టి, మంద ముందు ఎవరి ముక్కలో పడుకోవాలన్న దగ్గర మాట పెరిగింది. నడిపి మామ కంది వేసే చోట ఎక్కువ దినాలు ఉంచుకున్నాడని చిన్నమామ, చిన్నవాడికి పని చేతకాదని నడిపి మామ, ఇద్దరికీ సర్దిచెప్పలేక గొంతు చించుకుంటూ పెద్దమామ. పంచుకుంటామన్న మాట వికారాబాదులో ఉన్న అమ్మ చెవిన పడ్డది. ఆమె నాతో అన్నది ఇంతే: "మూడిండ్లయితే నా తల్లిగారిల్లు యాడుంటదిరా? మాటలు చెప్పుడు నీకొస్తది గద, జర పోయి చెప్పు."

ఉన్ని కత్తిరించే రోజు అమ్మతో కలిసి వెళ్లాను. ఆ రోజు ఎంత కోపమున్నా అందరూ ఒక్కచోట ఉండక తప్పదు. ఒకరు గొర్రెను పడగొట్టి పట్టుకుంటే ఒకరు కత్తెర ఆడించాలి, ఒకరు ఉన్నిని దులిపి పోగుచెయ్యాలి. మాట్లాడుకోకపోయినా చేతులు కలపాల్సిన పని. వాళ్ల మధ్య చతికిలబడి నేను ఏడు రాజ్యాలు ఎత్తుకున్నాను.

"గా రాజులకు గొర్లుండెనా అల్లుడా?" అని చిన్నమామ అడిగాడు.

"గొర్లుంటె కొట్లాడెతందుకు తీరిక యాడిదిరా? పనిలేనోళ్లకు నీ లెక్క నోరు లేస్తది," అని నడిపి మామ కత్తెర ఆపకుండానే చురక అంటించాడు.

పెద్దమామ ఇద్దరినీ ఉరిమి చూసి, నువ్వు చెప్పరా అన్నాడు. చెప్పాను. పెద్ద రాజ్యమొకటి చిన్న ఊరి మీదికి దండెత్తబోతుంటే, ఆపడానికి ఒక పెద్దమనిషి పగలనక రాత్రనక నడిచి, కాళ్లు పగిలితే కట్టుకున్న బట్ట చింపి చుట్టుకొని, ఆ రాజు ముందు నిలబడ్డాడని చెప్పాను. నడుముకున్న పట్టీ విప్పి నేల మీద కోటగోడలాగా పరిచి, కోటలు కూల్చే యంత్రాలు చేసే రాజుగారి వడ్లాయన ఎన్నిటితో వస్తే అన్నిటికీ అడ్డు చూపించి, యుద్ధాన్ని ఆటలోనే ముగించాడు. తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంటే, తాను కాపాడిన ఆ ఊరి గేటు దగ్గరికే వెళ్లి నిలబడ్డాడు. కావలివాడు లోపలికి రానియ్యలేదు.

"తడువనిచ్చిండ్రా గాయన్ను? గా ఊరోళ్లే?" అని పెద్దమామ చేతిలో గొర్రెను వదిలేశాడు.

ఇగ చిన్ రాజ్యం సంగతికొచ్చాను. దూరమున్నవాడితో దోస్తీ చేసి దగ్గరున్నవాణ్ని మింగడం దాని తెలివి. మన జోలికి రాకుంటే చాలని ఒక్కొక్కరు ఊళ్లకు ఊళ్లు దానికి రాసిచ్చారు. పంచుకున్న మూడిండ్లలో పక్కనున్న హాన్ ముందు పోయింది, తర్వాత ఝావ్, ఆ తర్వాత వెయ్. నేను ముగించాక కత్తెరలు కింద పెట్టారు. పెద్దమామ లేచి, భుజం మీది గొంగడి తీసి చిన్నమామకు కప్పి, "ఈ యేడు పంచుడు లేదు గించుడు లేదు, రొట్టెలు తేవే చెల్లే," అన్నాడు. ముగ్గురూ ఒక్క తాంబాలంలో జొన్నరొట్టె విరుచుకొని తిన్నారు. అమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ, ఏడుపో నవ్వో తెలియకుండా, నా నెత్తిన చెయ్యి పెట్టింది.

ఆ మాట ఏడాదే నిలిచింది. మళ్లీ ఉన్ని కత్తిరించిన రోజే మంద పంచుకున్నారు. ఏరుకుంటే ఒకడు మంచివి ఏరుకుంటాడని ముగ్గురికీ అనుమానం. అందుకని మంద చుట్టూ వేసిన ముళ్లకంపకు సందు చేసి, బయటికొచ్చిన వరుసలో మొదటిది పెద్దమామకు, రెండోది నడిపి మామకు, మూడోది చిన్నమామకు అనుకున్నారు. పెద్దమామవాటికి ఎర్ర జాజు, నడిపివాటికి నీలి, చిన్నవాటికి పసుపు పూశారు. తల్లి జాజులోకి పోతే పిల్ల పసుపులోకి పోయింది. గొర్రెలతోనే పుట్టి పెరిగిన మనుషులు, ఏది ఏ తల్లి పిల్లో కండ్లు మూసుకొని చెప్పగలిగినవాళ్లు, ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. ముందు నోరు తెరిచినవాడు ఎత్తు వేస్తున్నాడని మిగిలినవాళ్లు అంటారని ఎవరూ తెరవలేదు. పొద్దుగూకేసరికి మూడు దొడ్లలో గొర్రెల అరుపులు.

అమ్మ ఉండబట్టలేక గొర్రెపిల్లల్ని కొంగులో దాచుకొని తల్లుల దగ్గరికి తీసుకుపోయి పాలు తాపింది. నడిపి మామ చూశాడు. "నువ్వెవరి తరఫు వచ్చినవే?" అన్నాడు. ఆమె పిల్లను కింద దింపి, తెల్లారి మొదటి బస్సుకు బయలుదేరింది. ఆ పిల్లలు చాలామట్టుకు బతకలేదు. బతుకమ్మకు పిలుపులు మూడిండ్ల నుంచీ వచ్చాయి గాని, అమ్మ ఏ ఇంటికీ పోలేదు.

తర్వాతది నేను చెప్పకముందే మీకు తెలుసు, నాకూ అప్పుడే తెలుసు. పెద్దమామ ముక్కకు ఆనుకొని ఒక బండల గని ఉండేది. గని ఆసామి పెద్దమామ జోలికి రాకుండా, ఆ చివరున్న చిన్నమామతో దోస్తీ చేసి బోరు వేయించాడు. వాగుకు నీళ్లకు పోవాలంటే పెద్దమామ మంద చిన్నమామ ముక్కలోంచే పోవాలి. ఒకనాడు అక్కడ ముళ్లకంచె లేచింది. పెద్దమామ ముందు గొర్రెలను అమ్ముకున్నాడు, తర్వాత ఆ గని ఆసామికే భూమిని. గని గొయ్యి పక్కకు వచ్చాక నడిపి మామ బావిలో నీళ్లు దిగిపోయి ఆయనా అమ్మాడు. ఆఖరికి చిన్నమామ దోస్తీ కూడా రిజిస్ట్రేషను కచేరీలోనే ముగిసింది. ప్రతి మెట్టు దగ్గరా ఇది హాన్, ఇది వెయ్ అని లోలోపల అనుకుంటూ చూశాను. చరిత్ర చదువుకున్నవాడికి దక్కేది ఇంతే, అందరూ ఏడ్చే దానికి ముందునుంచే ఏడుస్తాడు. పెద్దమామ చివరి రోజుల్లో ఆ గొయ్యికే కావలి ఉన్నాడు. అక్కడ కోసిన నాపరాళ్లు ఇప్పుడు ఎవరెవరి ఇండ్లలోనో పరిచి ఉంటాయి, వాటి మీద నడిచేవాళ్లకు కింద మంద పడుకున్న సంగతి తెలియదు. మన చిన్నతనంలో మనుషులు కొట్లాడుకున్నా కలిసి చెయ్యక తప్పని పనులు కొన్ని ఉండేవి. ఉన్ని కొనేవాడే లేని ఈ రోజుల్లో ఆ వంక కూడా పోయింది.

ఒట్టేశాను గనుక ఒక్కటి ఒప్పుకోవాలి. చైనా గురించి రాసింది అక్షరం అక్షరం నిజం, అనుమానముంటే చదువుకోండి. నేను కల్పించింది ఆ తాంబాలం, ఆ గొంగడి, ఆ ఏడాది. ఆ పెద్దమనిషి వానలో తడుస్తుండగానే నడిపి మామ కత్తెర కింద పెట్టి, "అయిపోయిందా నీ కథ? ఇగ కంప తియ్యున్రి," అన్నాడు. మంద పంచింది ఆ పూటే. హాన్ పోయిన సంగతి, వెయ్ పోయిన సంగతి నేను వాళ్లకు చెప్పనేలేదు. అమ్మ రొట్టెల గంప పట్టుకొని నిలబడే ఉంది, ఎవరూ అడగలేదు. ఒక్క ఏడాదన్నా ఆమెకు తల్లిగారిల్లు ఉండనీ అని రాశాను. బీరప్ప ఏమనుకుంటే అదే అనుకోనీ.