నా మెడలోని కావలి

పోయినేడు వరికోతలప్పుడు నా మెడ కుడివైపున రేగుగింజంత బిళ్ళ కట్టింది, సహోదరులారా, నొప్పి లేదు కదా అని నేను పట్టించుకోలేదు, నెల తిరిగేసరికి దాని పక్కన ఇంకో రెండు చేరాయి, సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, ప్యాంటు నడుము వదులైంది. ఎవరైనా అడిగితే లోపల సంఘం కూడుతోందని చెప్పేవాణ్ణి, అందరూ నవ్వేవారు. అద్దం ముందు మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు. మా పెదనాన్న మెడలో గడ్డతోనే పోయాడు, అది క్యాన్సర్, ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఇరుగుపొరుగు సున్నం, పసుపు పట్టించమన్నారు, పట్టించాను. మెడ పారాణి పెట్టినట్టు ఎర్రబడింది, బిళ్ళలు ఉన్నచోటే ఉన్నాయి.

"ప్రభువా, వీటిని తీసెయ్యి, ఇంకేమీ అడగను" అని ప్రార్థించాను. ఇంకేమీ అడగను అన్నది అబద్ధమని ఆయనకూ తెలుసు.

చివరికి అమ్మ చెయ్యి పట్టి బాన్సువాడ దవాఖానకు లాక్కెళ్ళింది. సూదితో బిళ్ళలోంచి కొంచెం తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు, బిళ్ళల టీబీ, ఆరు నెలలు గోలీలు మింగాలి అన్నారు. టీబీ అని విని స్తోత్రం చెప్పిన కుటుంబం బహుశా మాదొక్కటే అయ్యుంటుంది. వీటిని కోసి పారేయొచ్చు కదా అని డాక్టరమ్మను అడిగాను. ఆమె నవ్వలేదు.

"కావలోన్నే కొడ్తవా తమ్మీ? గా రోగాన్ని పట్టి ఆపింది గిదే" అంది.

లింఫ్ గ్రంథులనే ఇలాంటి బిళ్ళలు చిన్నవిగా ప్రతి మనిషి మెడలో, చంకల్లో, గజ్జల్లో, కడుపులో వందల కొద్దీ ఉంటాయట, ఒంట్లో తిరిగే తేటనీరు వాటిగుండా వడకట్టుకుని పోతుందట, కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ళ కట్టేది అందుకేనట. అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో ఇంకా చదివాను. పాతకాలపు వైద్యులు వీటిని వేళ్ళతో తడిమారు, కోసి చూశారు, ఎందుకున్నాయో అంతుపట్టలేదు. కడుపునిండా తిన్న కుక్కను కోసిన ఒక వైద్యుడికి దాని పేగుల దగ్గర పాలరంగు దారాలు కనిపించాయట, అలా ఆ తేటనీటి దారులు బయటపడ్డాయి, ఆ కుక్క సాక్ష్యం మాత్రం ఎవరూ రాసుకోలేదు. ఐరోపాలో రాజు చెయ్యి తగిలితే మెడబిళ్ళలు పోతాయని జనం వరుసలు కట్టేవారట. రాజులు పోయారు, బిళ్ళలు ఉన్నాయి. మనుషులు వందల ఏళ్ళు వెతికి తెలుసుకున్న ఈ కావలిని దేవుడు నేను అమ్మ కడుపులో ఉండగానే, నన్ను అడక్కుండానే, నాలో నిలబెట్టాడు! ఆ సంగతి తట్టినప్పుడు జోకు వేద్దామని నోరు తెరిచినవాణ్ణి, సహోదరులారా, మెడ తడుముకుంటూ కూర్చున్నాను.

గోలీలు మొదలుపెట్టాను. రెండు నెలలకు బిళ్ళలు కరిగిపోయాయి. ఆ ఆదివారం మన మందిరంలో నిలబడి, దేవుడు స్వస్థపరిచాడు, గోలీలు కూడా మానేశాను అని చెప్పాను. మీరు చప్పట్లు కొట్టారు. నా ఏ జోకుకూ అన్ని చప్పట్లు రాలేదు.

మరో రెండు నెలలకు బిళ్ళలు తిరిగి లేచాయి. దవాఖానకు వెళ్తే వరుసలో నా ముందు శాంతక్క ఉంది. మీకు తెలుసు, చెరుకు కొట్టే శాంతక్క, మందిరంలో ఎప్పుడూ గోడవారగా కూర్చుంటుంది. ఆమె కూడా ఇవే గోలీలు మింగుతోందని నాకు తెలియదు. చంకలో బిళ్ళ పగిలి చీము కారుతోంది, మనిషి సగమైంది.

"నీ సాక్ష్యం ఇన్నంక నేను సుత బంద్ జేసిన తమ్మీ. నీకన్న నాకు ఇశ్వాసం తక్కువనా అనుకున్న."

"ఇశ్వాసం గాదక్కా. రోజూ మింగుడు యాష్టకొచ్చి, ఇసుగు పుట్టి ఇడిసిపెట్టిన."

శాంతక్క కొంగుతో చీము ఒత్తుకుంది. "గది సుత సెప్పాలె గదరా మరి."

మధ్యలో ఆపినందుకు రోగం మందుకు లొంగని రకంగా మారి ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది, ఇద్దరి పరీక్షలూ పంపింది. ఫలితం వచ్చేదాకా రోజూ మోకరించాను. "ప్రభువా, నా సంగతి తర్వాత చూడు. శాంతక్కకు మందు పనిచెయ్యనియ్యి. ఆమె ఆపింది నా మాట విని, నీ మాట విని కాదు" అని ప్రార్థించాను. నా జీవితంలో జోకు లేని ప్రార్థన అదొక్కటే.

ఆయన విన్నాడు. ఇద్దరికీ మందు ఇంకా పనిచేస్తుందని తేలింది. మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాం. ఆరు నెలలు రోజూ పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళాను, ఆమె మొదట తను మింగి, తర్వాత నా చేత మింగించి, నమ్మకం లేక నాలుక ఎత్తమని చూసేది. పోయిన వారం కోర్సు పూర్తయింది. శాంతక్క పుండు మానింది, చెరుకు కొట్టడానికి పోతోంది. దేవునికే మహిమ!

సహోదరులారా, ఆయనను నమ్మండి, ఆయన మన ఒంట్లో నిలబెట్టిన కావలినీ నమ్మండి, మందు పూర్తిగా మింగండి. నా మొదటి సాక్ష్యం విని మీలో ఇంకెవరైనా గోలీలు ఆపి ఉంటే నన్ను క్షమించి ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నాకు చెప్పండి. చెప్పకుండా వెళ్ళిపోదామని చూడకండి. గేటు దగ్గర శాంతక్క నిలబడి ఉంటుంది.